కాటా ఎక్కిన గుమస్తా

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో పదిహేడేళ్లుగా గుమస్తా పని చేస్తున్నాను. నా చోటు కాటా పక్కన. టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎక్కుతుంది, అంకె చూస్తాను, చీటీ రాస్తాను, టిక్కీ దిగుతుంది. ఒక్కోటి నలభై, నలభై అయిదు కిలోలు తూగుతుంది. అరకిలో తేడా వచ్చినా రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అలాంటి నేను మొన్న జూన్‌లో ఓ ఆదివారం, విజయవాడలో పవర్‌లిఫ్టింగ్ పోటీ జరిగే ఓ కాలేజీ ఇండోర్ హాలు పక్కన తలుపులు మూసిన గదిలో, ఒంటిమీద డ్రాయరు తప్ప ఏమీ లేకుండా కాటా ఎక్కి నిలబడ్డాను. అంకె చూడటానికి ధైర్యం చాలక పైకప్పు చూస్తున్నాను.

"ఎనభై మూడు పాయింట్ మూడు సున్నా" అన్నాడు కుర్చీలో ఉన్నాయన. "మూడొందల గ్రాములు ఎక్కువండీ. టైముంది, తగ్గించుకుని రండి."

గొంతులో కోపం లేదు, జాలి లేదు. కాటా దగ్గర నేను మాట్లాడేదీ అచ్చం అలాగే.

నన్ను జిమ్ముకి పంపింది డాక్టరు గారు. ముప్పై తొమ్మిదేళ్లకే బీపీ మాత్ర రాసి, కూర్చునే ఉద్యోగమా అని అడిగారు. నిలబడే ఉద్యోగమే. కాకపోతే మోసేది హమాలీలు, నేను మోసేది పెన్ను. కొత్తపేటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక రేకుల షెడ్డు ఉంది. ఏసీ లేదు, పాటలు లేవు, గోడకి ఆంజనేయస్వామి పటం ఉంది. మా నాన్న తరం వాళ్లయితే తాలింఖానా అనేవాళ్లు. అక్కడ నేర్పేది బస్సు డిపోలో మెకానిక్‌గా చేస్తున్న ఒకాయన. వయసులో ఉన్నప్పుడు రాష్ట్రస్థాయి పవర్‌లిఫ్టింగ్ చేశారు. అందరం మాస్టారు అంటాం. నెల ఫీజు ఆలస్యమైతే ఏమీ అనరు గానీ రాడ్డు నేలకేసి కొడితే మాత్రం వీధి చివరికి వినబడేలా తిడతారు.

పవర్‌లిఫ్టింగ్ అనగానే మా చుట్టాల్లో ప్రతి ఒక్కరూ "అంటే కరణం మల్లీశ్వరి చేసిందేనా?" అని అడిగారు. కాదు. ఆవిడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలతో కాంస్యం తెచ్చింది వెయిట్‌లిఫ్టింగ్‌లో. అది బరువుని తలపైకి ఎత్తే ఆట. మాది ఒలింపిక్స్‌లో లేదు. ఇందులో మూడే పనులు. రాడ్డు భుజాల మీద పెట్టుకుని బస్కీ తీసి లేస్తే స్క్వాట్. బల్ల మీద వెల్లకిలా పడుకుని, రాడ్డు గుండెలకు ఆనించి పైకి తోస్తే బెంచ్ ప్రెస్. నేలమీద ఉన్నదాన్ని పట్టుకుని నిటారుగా నిలబడితే డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు అటెంప్టులు. ఒక్కోదాంట్లో పాసైన పెద్ద అంకె తీసుకుని మూడూ కూడితే టోటల్. వినడానికి చాలా సులువు. ఆ మాటకే మోసపోయాను.

ఏడాదిన్నర తర్వాత మాస్టారు మా ముగ్గురినీ కూర్చోబెట్టి, ఈసారి మనవాళ్లు ప్రాంతీయ పోటీకి దిగుతున్నారు అన్నారు. ముగ్గురంటే నేను, హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్న ఒక కుర్రాడు, బ్రాడీపేటలో బ్లౌజులు కుట్టే ఒక అక్క. ఇందులో నలభై నుంచి నలభై తొమ్మిది ఏళ్ల వాళ్లకి మాస్టర్స్ వన్ అని వేరే విభాగం ఉంది. నాకు నలభై ఒకటి, అక్కకి నలభై మూడు. కుర్రాడికి ఇరవై, జూనియర్స్. ఫారం నింపడం, ఆధార్ కాపీ, ఫొటోలు, ఫీజు, ఇదంతా ఒక పూటలో అయిపోయింది. కుర్రాడి హాస్టల్ మిత్రుడెవరో ఇచ్చిన లేబుల్ చిరిగిన పౌడర్ డబ్బా ఒకటి మాత్రం మాస్టారు చేతికి చిక్కి డ్రైనేజీలో పడింది. "డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్లు శాంపిల్ తీసుకున్నారంటే నీ బతుకుతో పాటు నా పరువూ పోతుంది రా" అన్నారు.

ఆ వారమే నాకు వృత్తి బుద్ధి పుట్టింది. మా షెడ్డులో ప్లేట్లు ఎవరి హయాంలోవో తెలీదు. అంకెలు అరిగిపోయినవి, పెయింటు కొట్టి మళ్లీ అంకె రాసినవి, అంచు విరిగినవి. తెలిసిన కిరాణా కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి రాత్రి తొమ్మిదింటికి అన్నీ తూచాను. ఇరవై అని రాసున్న ఒక ప్లేటు 18.6 వచ్చింది. దాని జోడీది 19.2. పదివి తొమ్మిదిన్నర దాటలేదు. ఇరవై కిలోలు ఉండాల్సిన రాడ్డు పదిహేడు దగ్గర ఆగింది. ప్రతిదాని మీదా సుద్దతో అసలు బరువు రాశాను. నేను నూట ముప్పై కొడుతున్నానని యార్డంతా చెప్పుకున్న స్క్వాట్ తీరా లెక్కేస్తే నూట ఇరవై.

మర్నాడు కుర్రాడు వచ్చి చూసి గోల పెట్టాడు. "బాబాయ్, నా నూట యాభై ఏమైపోయింది?"

"తరుగు తీసేశాడ్రా మన గుమస్తా" అని మాస్టారు పడీ పడీ నవ్వారు.

పోటీలో ఆ బాధ లేదు. ప్లేట్లకి రంగుల లెక్క ఉంటుంది. ఎరుపు ఇరవై అయిదు, నీలం ఇరవై, పసుపు పదిహేను, ఆకుపచ్చ పది. ఇరవై కిలోల రాడ్డుకి రెండు వైపులా బిగించే కాలర్లు కూడా చెరి రెండున్నర కిలోలు. అంటే ప్లేటు ఎక్కించకముందే ఇరవై అయిదు ఉన్నట్టు.

చివరి నెలంతా మాస్టారు బరువులు పెంచకుండా కమాండ్లు నేర్పారు. స్క్వాట్‌లో రిఫరీ "స్క్వాట్" అన్నాకే దిగాలి, లేచాక "ర్యాక్" అనేదాకా కదలకూడదు. బెంచ్‌లో "స్టార్ట్" అన్నాక దించాలి, ఛాతీ మీద రాడ్డు నిశ్చలంగా ఉందని చూసి ఆయన "ప్రెస్" అన్నాకే తొయ్యాలి, తర్వాత మళ్లీ "ర్యాక్". డెడ్‌లిఫ్ట్‌కి "డౌన్" ఒక్కటే. మాస్టారు కావాలని ఆలస్యం చేసేవారు. ఛాతీ మీద ఎనభై కిలోలు పెట్టుకుని ఆయన నోటికేసి చూస్తుంటే ఆయన తాపీగా ముక్కు తుడుచుకునేవారు. నేనూ కుర్రాడూ విసుక్కునేవాళ్లం. బలం ఉంటే చాలు, ఈ డ్రిల్లు ఎందుకని నా ఉద్దేశం. అక్క మాత్రం ఒక్కసారీ తొందరపడలేదు. "పాతికేళ్ల కాపురం తమ్ముడూ, ఎవరో పిలిస్తే గానీ కదలకపోవడం నాకు కొత్తా?" అనేది.

అక్క సంగతి కొంచెం చెప్పాలి. మిషను మీద వంగీ వంగీ నడుం పట్టేసి వచ్చింది జిమ్ముకి. మొదట్లో మగాళ్లు లేనప్పుడు పదకొండింటికి రావచ్చా అని అడిగింది. ఆర్నెల్లు తిరిగేసరికి మాతోపాటే సాయంత్రం వచ్చి, మాకంటే ముందు రాడ్డు పట్టుకునేది. పోటీకి సింగిల్‌లెట్ అని ఒంటికి అతుక్కునే కాస్ట్యూమ్ తప్పనిసరి, లోపల టీషర్టు. పార్శిల్ విప్పి చూసి ఆవిడ పొట్టి కాస్ట్యూమ్ గురించి ఏమీ అనలేదు. కుట్టు చూసింది. "ఇది ఒక్క గట్టి బస్కీకే ఫట్‌మంటుంది" అని మా మూడింటికీ వెనకాల కుట్టు విప్పి మళ్లీ రెండు వరసలు వేసింది. ఆ రోజు వేదిక మీద నాకు జరగని అవమానం ఏదన్నా ఉందంటే అది ఆవిడ పుణ్యమే.

ఇక నా తెలివితక్కువ పని. నేను తూగేది ఎనభై అయిదు పైచిలుకు. ఒంటి బరువుని బట్టి విభాగాలు 74, 83, 93 కిలోల లోపు అలా ఉంటాయి. తొంభై మూడులో దిగితే అందరికంటే తేలికైనవాణ్ని అవుతానని, ఎనభై మూడుకి తగ్గితే అందరికంటే బరువైనవాణ్ని అవుతానని లెక్క వేశాను. మాస్టారు వద్దన్నారు. మొదటి పోటీకి ఉన్న బరువుతోనే వెళ్లాలి, అంకెలతో ఆటలు తర్వాత అన్నారు. వినలేదు. యార్డుకి వేసవి సెలవులు కావడంతో చేతిలో బోలెడు టైం ఉంది. మూడు వారాలు రాత్రిపూట అన్నం మానేశాను. మా ఆవిడ ఆవకాయ జాడీ కొత్తగా మూత తీసిన రోజుల్లో నేను రెండు పుల్కాలు, ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు తిన్నాను. ఆవిడ నా కంచం చూసి దిగులు పడేది. పోటీ ముందు రోజుకి ఎనభై నాలుగు చిల్లర ఉన్నాను. ఆ సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ఆపేశాను. ఎవరైనా ఇది చదివి అలా చేస్తారేమో, దయచేసి చెయ్యకండి. ఏమైందో ముందుముందు చెబుతాను.

తెల్లారి అయిదు గంటల బస్సు. గుంటూరు నుంచి విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్ల పైమాట, ఎప్పుడూ పేపరు చదివేలోపు అయిపోయే దారి. ఆ రోజు తరగలేదు. నాలుక అంగిట్లో అంటుకుపోయింది. మంగళగిరి దగ్గరికి వచ్చేసరికి కొండ కనబడింది. పానకాల స్వామి గుర్తొచ్చాడు. ఎంత పానకం పోసినా సగం తాగి సగం భక్తుడికి వదిలేసే దేవుడు. బెల్లం, మిరియాలు, యాలకుల వాసన ముక్కుకి తగిలినట్టే అయింది. పక్క సీటులో అక్క ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటూ, "కొద్దిగా పొయ్యనా?" అంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వారధి మీద కృష్ణమ్మని చూస్తే ఇంకా దాహం వేసింది.

బరువులు చూడటం పోటీకి రెండు గంటల ముందు మొదలవుతుంది, గంటన్నర పాటు సాగుతుంది. కుర్రాడిది, అక్కది తొమ్మిదింటి బ్యాచి. నాది ఒంటిగంటది. కాటా గదిలోనే మూడు లిఫ్టులకీ మొదటి అటెంప్టు ఎంతో చెప్పి సంతకం పెట్టాలి. కుర్రాడికి మాస్టారు స్క్వాట్ నూట ముప్పై అని చెప్పి పంపారు. వాడు లోపల నూట నలభై అయిదు అని రాయించి వచ్చాడు. ఆ ముక్క మాకు మైకులో పేరు పిలిచినప్పుడు తెలిసింది. మాస్టారు ఏమీ అనలేదు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఈ ఆటలో ఒక కిటుకుంది. ఒకసారి చెప్పిన బరువు పోతే మళ్లీ అదే చెయ్యొచ్చు, పెంచుకోవచ్చు, తగ్గించడానికి మాత్రం లేదు. కుర్రాడు నూట నలభై అయిదుతో దిగాడు, లేచాడు. బలానికి లోటు లేదు. కానీ తొడ పైభాగం మోకాలి కన్నా కిందికి రావాలి. పక్కనున్న ఇద్దరు రిఫరీలూ ఎర్రలైటు నొక్కారు. ముగ్గురిలో ఇద్దరు తెల్లలైటు ఇస్తేనే పాసు. రెండోసారి లోతుకి వెళ్లాడు, అక్కడే ఉండిపోయాడు. పక్కన కాపు కాసే స్పాటర్లు పట్టుకుని పైకి లాగారు. మూడోసారి సగం లేచి వణికి ముందుకి తూలాడు. స్క్వాట్ మూడూ పోతే టోటల్ అనేదే ఉండదు. ఆరు నెలల సాధన తొమ్మిదీ నలభైకల్లా అయిపోయింది. వాడు బూట్లు విప్పుకోవడానికి బల్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఏమనాలో తోచలేదు. కాటా దగ్గర సరుకు తక్కువ తూగిన రైతు పక్కన కూడా ఇలాగే నిలబడతాను. అప్పుడూ ఏమీ తోచదు.

నేను కాటా ఎక్కింది పదకొండింటికి. మూడొందల గ్రాములు. కుర్రాడే లేచి వచ్చాడు. తన జాకెట్ నాకు తొడిగి, "పద బాబాయ్, ఎండలో తిరుగుదాం" అన్నాడు. జూన్‌లో పదకొండున్నర బెజవాడ ఎండ. కాంపౌండ్ గోడ పక్కన ఇరవై సార్లు ఇటూ అటూ తిరిగాను. కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. గేటు దగ్గర చెరుకురసం బండి వాడు మాకేసి వింతగా చూస్తున్నాడు. మళ్లీ వెళ్లి ఎక్కితే 82.95. చీటీ మీద ఆ అంకె వేసి సంతకం పెట్టించుకున్నారు. యాభై గ్రాములు. అదే ఎక్కువ తూగి ఉంటే, నేనైతే ఆ మాత్రం చూసీ చూడనట్టు వదిలేసేవాణ్నేమో అని ఒక్క క్షణం అనిపించింది. వదలను. అదీ నిజమే.

గదిలోంచి బయటపడి కూలబడ్డాను. మాస్టారు ఓఆర్ఎస్ నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగించారు. నాలుగు ఇడ్లీలు, అరటిపండు. గటగటా తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. అప్పటికే కుడి పిక్క పట్టేసింది. గంటన్నరలో ఒంట్లోంచి పోయిన నీరంతా తిరిగి వస్తుందనుకోవడం నా అమాయకత్వం.

ఈ గొడవలో అక్క బెంచ్ ప్రెస్ చూడలేకపోయాను. డెడ్‌లిఫ్ట్‌కి వెళ్లాను. పేరు పిలిచేదాకా కాస్ట్యూమ్ మీద చున్నీ నిండా కప్పుకుని కూర్చుంది. పిలవగానే చున్నీ తీసి మడతపెట్టి వాళ్లాయన చేతికిచ్చి, చేతులకి సుద్దపొడి రాసుకుని నడిచింది. తొంభై అయిదు కిలోలు. నిలబడింది. రిఫరీ చెయ్యి కిందికి వచ్చి "డౌన్" అనేదాకా ఎదురుగా గోడకేసి చూస్తూ నిలబడే ఉంది, బస్సు కోసం నిలబడ్డట్టు. మూడు తెల్లలైట్లు. స్క్వాట్ డెబ్బై, బెంచ్ ముప్పై ఏడున్నర, మొత్తం 202.5. తొమ్మిది అటెంప్టుల్లో ఒక్కటీ పోలేదు. ఆవిడ విభాగంలో పోటీపడింది ఇద్దరే, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. కానీ ఆ రోజు హాల్లో మగా ఆడా కలిపి తొమ్మిదికి తొమ్మిది చేసినవాళ్లని నేను ఇంకెవర్నీ చూడలేదు.

ఒంటిగంటకి నా బ్యాచి. స్క్వాట్ మొదటి అటెంప్టు నూట పది. షెడ్డులో నిద్రలో కూడా కొట్టే బరువు. దిగాను, లేచాను, నవ్వుకున్నాను కూడా. రెండు ఎర్రలైట్లు. లోతు చాల్లేదు. నేను రోజూ కొట్టేది స్క్వాట్ కాదని, దానికి కొంచెం పైన ఆగిపోయే మరేదో అని అప్పుడు తెలిసింది. ప్లేట్లయితే తూచాను గానీ లోతు తూచుకోలేదు.

రెండోసారి బాగా కిందికి వెళ్లాను. లేచాను. "అమ్మయ్య" అనుకుంటూ అడుగు ముందుకి వేశాను. ఆయన ఇంకా "ర్యాక్" అనలేదు. మూడూ ఎరుపే.

తర్వాతి పది నిమిషాలు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. కుర్రాడు నా బెల్టు పట్టుకుని నిలబడి ఉండటం గుర్తుంది. వాడి ముఖం చూడలేకపోయాను, పొద్దున్న వాడికి జరిగిందే నాకూ జరగబోతోంది. పిక్క గుంజుతోంది. మాస్టారు ఏదో చెబుతున్నారు, తొడ, మోకాలు, కోణం. ఏదీ బుర్రకెక్కలేదు. అక్క ఆయన్ని పక్కకి తప్పించి, "తమ్ముడూ, నువ్వు కుర్చీలో కూర్చుంటున్నావు. కత్తిపీట ముందు కూర్చో" అంది.

మా అమ్మ కత్తిపీట ముందు ఎలా కూర్చుంటుందో నాకు తెలుసు. అలాగే కూర్చున్నాను. నూట పది కిలోలతో కత్తిపీట ముందు కూర్చుని లేచాను. లేచి, ఆగాను. రిఫరీ నాకేసి చూస్తున్నాడు. మా మాస్టారు ముక్కు తుడుచుకున్నంత సేపు. "ర్యాక్." రెండు తెలుపు, ఒకటి ఎరుపు. ఆ ఒక్క ఎరుపు ఇచ్చినాయన మీద నాకు కోపం లేదు. ఆయన కూర్చున్న వైపు నుంచి చూస్తే ఇంకో అంగుళం కావాలేమో.

బెంచ్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డెబ్బై అయిదు, ఎనభై వచ్చాయి, ఎనభై అయిదు సగంలో ఆగిపోయింది.

డెడ్‌లిఫ్ట్ దగ్గర మాత్రం నా కాటా ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నూట ముప్పై, నూట నలభై అయిదు అయ్యాయి. అంటే నా టోటల్ 335. మొదటి ఇద్దరూ అందనంత ఎత్తులో ఉన్నారు. మూడో స్థానానికి నాకు పోటీ ఒంగోలు నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారు. ఆయన చివరి అటెంప్టు 147.5 లేపారు. ఆయన టోటల్ 340. నాకు మాస్టారు ముందే నూట యాభై చెప్పి ఉంచారు, లేపితే నాదీ 340. సమానమైతే ఎలాగని అడిగాను. సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవాళ్లు ముందు. ఆయన తూగింది 82.10. నేను 82.95.

ఎనిమిది వందల యాభై గ్రాములు. మూడు వారాలు సొరకాయ తిని, ఎండలో జాకెట్ వేసుకుని తిరిగి, కాటా మీద నేను ఎనిమిది వందల యాభై గ్రాములకి ఓడిపోయి ఉన్నాను. డెడ్‌లిఫ్ట్ చివరి అటెంప్టుకి అంకె మార్చుకునే వీలుంటుంది. మాస్టారు పరుగెత్తి వెళ్లి నూట యాభైని నూట యాభై రెండున్నర చేసి వచ్చారు. నా జీవితంలో ఎప్పుడూ లేపని బరువు. షెడ్డులో నూట అరవై అనుకుని లేపింది, సుద్ద అంకెల ప్రకారం నూట యాభై దాటలేదు.

రాడ్డు నేల వదిలింది. మోకాళ్లు దాటింది. తొడల మీదికి వస్తుండగా కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. దాన్ని ఆపడానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. దభీమని పడింది. రాడ్డు నేలకేసి కొడితే తిట్టే మాస్టారు ఆ రోజు తిట్టలేదు.

అయిదుగురిలో నాలుగు. తొంభై మూడు విభాగంలో మాస్టర్స్‌కి వచ్చినవాళ్లు ఇద్దరేనట. మూడు పూటలా అన్నం తిని, ఆవకాయ కలుపుకుని, ఆ విభాగంలో దిగి ఉంటే ఆఖరివాణ్ని అయినా మెళ్లో ఒక మెడల్ పడేది. ఈ మాట మా ఆవిడ దగ్గర అనలేదు.

తిరుగు ప్రయాణంలో బస్టాండులో మూడు నిమ్మకాయ సోడాలు తాగాను. అక్క మెడల్‌ని హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది, మంగళగిరి దాటాక ఒకసారి బయటికి తీసి రిబ్బను కుట్టు చూసి మళ్లీ లోపల పెట్టింది. కుర్రాడు కిటికీకి తల ఆనించి పడుకున్నాడనుకున్నాం. చాలాసేపటికి, "మాస్టారూ, నూట ముప్పైతో మొదలుపెట్టి ఉంటే..." అన్నాడు.

"రేపు ఆరింటికి రా. తొంభైతో మొదలుపెడదాం" అన్నారు మాస్టారు. "లోతు సరిగ్గా రాకపోతే డెబ్బైతో. గుమస్తా గారూ, మీరూను."

మర్నాడు యార్డుకి వెళ్లాను. సెలవుల తర్వాత తెరిచి వారమైంది, వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకే. అరచేతులు ఒలిచిపోయి పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది. మా కొట్లో ఇరవై ఏళ్లుగా మోస్తున్న హమాలీ టిక్కీని కాటా మీద పడేసి, నా చేతులకేసి చూశాడు.

"ఏంది గుమస్తా గారూ, పోటీకి పోయారంటగా. ఎంత లేపారు?"

"నూట నలభై అయిదు కిలోలు."

మనసులో లెక్క వేసుకున్నాడు. "మూడు టిక్కీల పైన! బాగానే ఉంది. ఎంత దూరం మోశారు?"

"మొయ్యడం కాదు. నేల మీంచి తొడల దాకా లేపి, డౌన్ అనగానే కింద పెట్టెయ్యాలి."

"పెట్టేసి?"

"అంతే. అయిపోయింది."

కాసేపు నా ముఖంలోకే చూశాడు. తర్వాత కాటా మీది టిక్కీ వీపుకెత్తుకుని, నేను అంకె రాసుకున్నానో లేదో వెనక్కి తిరిగి చూసుకుంటూ లారీ వైపు నడిచాడు.